ముందు చక్రం వణుకు

గంటకు యాభై దాటిందంటే చాలు, నా లారీ స్టీరింగు వణికేది. నలభైలో బుద్ధిగా ఉండేది, యాభై ఐదు దగ్గర పూనకం వచ్చేది, డెబ్బై దాటితే మళ్ళీ కాస్త సర్దుకునేది. వడ్ల బస్తాలతో నిండిన లారీ డెబ్బై దాటే రోడ్డు మా బాన్సువాడ చుట్టుపక్కల ఎక్కడుంది? అందుకని రోజూ ఆ పూనకంతోనే కాపురం.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఏదైనా చెడిపోతే ముందు తప్పు ఎవరిదో తేలాలి, బాగుచేయడం తర్వాత సంగతి. ఆ కోతల కాలంలో మొదట రోడ్డును తిట్టాను. తర్వాత టైరు చేసినవాళ్ళను తిట్టాను. ఆ తర్వాత టైరు ఎక్కించిన మనిషిని తిట్టాను. ఆ మూడోవాడి గురించే ఇది రాస్తున్నాను. ఈ రోజు నేను ఎవరికైనా రుణపడి ఉన్నానంటే ముందు ఆయనకే.

బోధన్ వెళ్ళే రోడ్డు పక్కన ఆయనకు చిన్న టైర్ల దుకాణం. నాకంటే ఏడెనిమిదేళ్ళు పెద్ద. కూలి చేసుకునే ఇంట్లో పుట్టి, ఇరవై ఏళ్ళు లారీ తోలి, ఆ తర్వాత ఈ దుకాణం పెట్టుకున్నాడు. ఆదివారం ప్రార్థన అయ్యాకే షట్టరు లేపుతాడు. మన టైరు ఆదివారం పొద్దున పేలిందా, చర్చి బయట నిలబడి ఆఖరి పాట అయ్యేదాకా ఎదురుచూడాల్సిందే. నేను ఆయన్ని అన్న అంటాను, ఆయన నన్ను తమ్మి అంటాడు. మా తాత కోస్తా నుంచి వచ్చి కాలువ కింద పొలం కొన్నాడు కాబట్టి మా ఇంట్లో ఒక యాస, రోడ్డెక్కితే ఇంకో యాస. కోపం వస్తే మాత్రం రెండూ కలిసి వస్తాయి.

ఆ రోజు కూడా అలాగే వచ్చాయి.

"అన్నా, టైరు వంకరగ ఎక్కించినవు. ఎడమ చక్రం కుదురుగ ఉంటలేదు," అన్నాను, ఆయన దుకాణం ముందు నలుగురు వింటుండగా.

ఆయన లేచి వచ్చి చక్రం చుట్టూ చూశాడు, గాలి కొలిచాడు, కొంచెం తక్కువుంటే పట్టాడు. తర్వాత అన్నాడు:

"వంకర లేదు తమ్మి. బ్యాలెన్సు పోయినట్టున్నది. ఒక పూట ఇడువు, చక్రం ఇరుసు మీదనే తిప్పి చూస్త."

లారీల లోకం తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. చక్రంలో ఒక పక్క బరువు ఎక్కువైతే అది తిరిగేటప్పుడు ఎగిరెగిరి పడుతుంది. తేలికగా ఉన్న పక్కన అంచుకు సీసం ముక్కలు బిగించి రెండు పక్కలూ సమం చేస్తారు. నిజామాబాద్‌లో ఆ పనికి మిషను ఉంది. కోతల్లో లారీని అంతదూరం తీసుకుపోయి ఒక రోజు నిలబెట్టడం నాకు ఇష్టం లేదు. మిషను లేకుండా చేస్తానంటే నమ్మకమూ లేదు.

"మిషను లేనోనివి, చేత్తోని ఏం చూస్తవు?" అన్నాను.

ఆయన గాలి పట్టిన గొట్టం చుట్టుకుంటున్నాడు. నేను ఊరికే ఉండకుండా కింద పడి ఉన్న వాల్వు మూత తీసి బిగించబోయాను. చిటికెన వేలి గోరంత మూత. ఒకసారి జారింది. రెండోసారి మర పట్టలేదు. మూడోసారి చేతిలోంచి కింద పడింది. ఆయన వంగి దాన్ని తీసి, ఒక్క తిప్పులో బిగించి, నా ముఖంలోకి చూశాడు. నా పరిస్థితి తేలు కుట్టిన దొంగలా అయింది.

"కండ్లు సక్కగ కనిపిస్తలేవు," అన్నాను.

"అవునా," అన్నాడు.

ఇక్కడ దాచకుండా చెప్పేస్తాను. అప్పటికి నాలుగైదు నెలలుగా నా చేతులు వణుకుతున్నాయి. ఖాళీగా ఉన్నప్పుడు కాదు, ఏదైనా పట్టుకుంటే. గ్లాసు, పెన్ను, చొక్కా గుండీ. మా నాన్నకూ అలాగే ఉండేది. ఆయన పెళ్ళిళ్ళకు వెళ్ళి పంక్తిలో కూర్చునేవాడు కాదు. ఎవరైనా బలవంతం చేస్తే ఉపవాసం అనేవాడు. వారంలో ఏడు రోజులూ ఉపవాసాలే. పొగరుమోతు అని చుట్టాలు అనుకున్నారు, కొడుకునైన నేనూ అనుకున్నాను. కూర ముద్ద నోటిదాకా చేరకుండా అరిటాకు మీద పడుతుందని ఆయన భయమని నాకు యాభై ఏళ్ళు దాటాక గాని అర్థం కాలేదు.

నాకు తెలిసిన పని లారీ తోలడం ఒక్కటే. ముప్పై ఏళ్ళు అదే చేశాను. చేతులు పోతే స్టీరింగు పోయినట్టే, స్టీరింగు పోతే ఇక నేనెవరిని? అందుకని వణుకుతున్నది చక్రమే అని తీర్మానించుకున్నాను. నిజంగానే చక్రం కూడా వణుకుతుండటం నాకు పెద్ద ఆసరా అయింది. ఎవరైనా నా చేతుల వైపు చూస్తే స్టీరింగును తిట్టేవాణ్ణి.

ఆ దుకాణానికి మళ్ళీ వెళ్ళకూడదని పట్టుబట్టి, చక్రానికి వేరే వైద్యాలు మొదలుపెట్టాను.

మొదటి వైద్యం మద్నూర్‌లో దొరికింది. ధాబా దగ్గర చాయ్ తాగుతుంటే మహారాష్ట్ర లారీ డ్రైవరు ఒకడు నా గోడంతా విన్నాడు. సగం మరాఠీ, సగం తెలుగు కలిపి, "భావూ, టైర్ల నీళ్ళ మందు పోయి. తిరిగితే అదే సమానంగ పరుసుకుంటది," అన్నాడు. పంక్చర్లు పడకుండా పోసే చిక్కటి ద్రవమే అది. వాడు చూపించిన దుకాణం దగ్గరే ఆగి, ఆ ఎడమ టైరులో పోయించాను. మా టైర్లు ట్యూబు లేని రకం కాబట్టి వాల్వులోంచే పోశారు.

రెండు రోజులు బాగానే ఉన్నట్టు అనిపించింది. హమాలీలకు, మిల్లు గుమస్తాకు, అడగనివాళ్ళకు కూడా నా తెలివి గురించి చెప్పాను. మూడో రోజు పొద్దున బండి తీయగానే ముందుకంటే ఎక్కువ ఊగింది. రాత్రంతా నిలబడి ఉంటే ద్రవమంతా కిందికి చేరి ఒకచోట కూర్చుంటుంది కదా. అది మళ్ళీ పరుచుకునేసరికి నేను కోటగిరి దాకా వచ్చేసేవాణ్ణి.

ఆ వారంలోనే ఒక సంగతి జరిగింది. కోటగిరి వైపు కాలువ వంతెన మీద ఎదురుగా ఆటో వచ్చింది. ఎప్పటిలాగే మనుషులతో కిక్కిరిసి ఉంది, వెనక ఇద్దరు కాళ్ళు బయటికి వేలాడేసుకుని ఉన్నారు. పక్కకు తీసుకుందామని స్టీరింగు తిప్పాను. అనుకున్న దానికంటే జానెడు ఎక్కువ తిరిగింది. మళ్ళీ సరిచేసేలోగా ఆటో నా అద్దం కింద నుంచి వెళ్ళిపోయింది. లోపల కూర్చున్న అవ్వ ఒకావిడ నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. బండి దిగి చక్రాన్ని కాలితో తన్నాను. ఆ తన్ను ఎవరికి తగలాలో నాకు తెలుసు.

ఇంటికి వచ్చి చక్రం లాగేసిందని చెప్పాను. మా ఆవిడ కూరగాయలు తరుగుతూ వింది.

"ఆడలేక మద్దెల ఓడు అన్నారట. మొన్న కూరలో ఉప్పేయమంటే డబ్బాలో సగం ఒంపేశారు. అది కూడా చక్రమే ఒంపిందా?" అంది.

నేను అన్నం తినకుండా లేచిపోయాను. అలిగినవాడికి ఆకలి ఎక్కువ. గంట తర్వాత నేనే వంటింట్లోకి వెళ్ళి వడ్డించుకుని తిన్నాను. ఆవిడ పెరుగు గిన్నె దగ్గరికి జరిపింది.

రెండో వైద్యం మా అమ్మాయి తెచ్చింది. కామారెడ్డిలో ఆఫీసులో పనిచేస్తుంది. నా బాధ ఫోన్లో విని, ఏవో వీడియోలు చూసి, "నాన్నా, టైరులో సన్నటి పూసలు పోస్తారట. చక్రం తిరుగుతుంటే అవి వాటంతట అవే తేలిక పక్కకి చేరి సమం చేస్తాయట. సీసం ముక్కలతో పనే ఉండదట," అంది. నాలుగు రోజుల్లో ఒక పొట్లం ఇంటికి వచ్చింది. తెల్లటి పూసలు, ఆవగింజ కంటే చిన్నవి. చూడటానికి ముచ్చటగా ఉన్నాయి. టైరు లోపల తడి ఉండకూడదని పొట్లం మీద రాసి ఉందని అమ్మాయి రెండుసార్లు చెప్పింది. సరే సరే అన్నాను. అప్పటికే అందులో ద్రవం పోయించానని మాత్రం దానికి చెప్పలేదు. చెప్తే మద్నూర్ వైద్యం ఓడిపోయిందని ఒప్పుకోవాలి కదా.

ఊరికి అవతలి చివర ఉన్న పంక్చర్ షాపులో పూసలు పోయించాను. మరునాడు లోడుతో బయల్దేరితే నలభై దగ్గరే మొదలైంది. యాభై దగ్గర క్యాబిన్‌లో ఉన్న దేవుడి బొమ్మ కింద పడింది. అద్దంలో నా ముఖం నాకు నాలుగు ముఖాలుగా కనిపించింది. వడ్లు మిల్లులో దింపి, ఇరవైలో నడుపుకుంటూ, సైకిళ్ళు కూడా నన్ను దాటిపోతుంటే, తిన్నగా ఆయన దుకాణం ముందే ఆపాను. అహం ఉన్నచోటే ఉంది గాని, బండి ఇక ముందుకు పోయేలా లేదు.

ఆయన నన్ను చూసి, "రా తమ్మి, కూసో," అన్నాడు. నెల రోజులుగా నేను రాలేదన్న మాటే ఎత్తలేదు.

టైరు విప్పి లోపల చూశాడు. ద్రవంలో పూసలు నాని, ఒకచోట ముద్ద కట్టి, చల్లారిన సగ్గుబియ్యం పాయసంలా అంటుకుని ఉన్నాయి. వేలితో కొంచెం తీసి నాకు చూపించాడు.

"ఏంది తమ్మి ఇది? నైవేద్యమా?"

పక్కన ఉన్నవాళ్ళు నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. చాలా రోజుల తర్వాత వచ్చిన నవ్వు అది.

"పూసలు మంచియే, మందు మంచిదే," అన్నాడు గోకుతూ. "రెండు ఒక్క కడుపుల పోస్తే ఎట్ల?"

టైరు లోపల కడిగి ఆరబెట్టాక, చక్రం లోపలి పక్కకు తిప్పి మళ్ళీ నన్ను పిలిచాడు. ఇనుప చక్రం లోపలి అంచులో నల్లమట్టి అచ్చు పోసినట్టు పట్టుకుని ఉంది, ఒకవైపే. కోతల్లో మేము లారీని కల్లం దాకా, ఒక్కోసారి పొలంలో కోత మిషను దగ్గరి దాకా దింపుతాం. కాలువ నీళ్ళ తడి బురద లోపలికి ఎక్కి, ఎండి, రాయిలా అవుతుంది. లారీలు కడిగేటప్పుడు బయట మెరిసేలా కడుగుతాం. ముందు అద్దం, పేర్లు, పూలదండ బొమ్మలు. చక్రం లోపలి పక్క చూసినవాడు మాలో ఒక్కడూ లేడు. ముప్పై ఏళ్ళలో నేనూ చూడలేదు.

"బయట కడుగుతరు. లోపటిది ఎవడు చూస్తడు?" అని ఉలితో కొట్టి ఊడగొట్టాడు. పెంకులు పెంకులుగా రాలింది. చేట నిండేంత మట్టి.

అప్పుడు తన పద్ధతి మొదలుపెట్టాడు. టైరు ఎక్కించి, గాలి పట్టి, జాకీ మీద ఉన్న ఇరుసుకే చక్రాన్ని తిరిగి బిగించాడు. బ్రేకులు రాసుకోకుండా వదులు చేశాడు. బేరింగుల్లో చిక్కటి గ్రీజు డీజిల్‌తో కడిగేసి, నట్టు కొంచెం సడలించాడు. ఇప్పుడు చక్రం చిటికెన వేలితో తోసినా తిరుగుతుంది. మెల్లగా తిప్పి వదిలాడు. చక్రం తిరిగి తిరిగి, కాస్త వెనక్కి ఊగి, ఆగింది.

"బరువున్న పక్క ఎప్పుడన్న కిందికే వస్తది. దానికి అబద్ధం తెల్వది," అన్నాడు.

పైన ఉన్న చోట సుద్దముక్కతో గీత గీశాడు. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ గీత పైకే వచ్చింది. మూడోసారీ అంతే. గీత దగ్గర అంచుకు సీసం ముక్క బిగించాడు. తిప్పాడు. ఈసారి గీత పక్కకు వచ్చి ఆగింది. ఇంకో చిన్న ముక్క. అలా మధ్యాహ్నం దాకా. నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, ప్రతిసారీ చక్రం ఎక్కడ ఆగిందో నన్నే చెప్పమన్నాడు. ఆఖరికి చక్రాన్ని ఎక్కడ వదిలితే అక్కడే నిలిచింది. గీత పైన పెట్టి వదిలితే పైనే, పక్కన పెట్టి వదిలితే పక్కనే.

"నీ చేత్తోని తిప్పి చూడు," అన్నాడు. తిప్పాను. నేను వదిలిన చోటే ఆగింది. కుడి చక్రానికీ అలాగే చేశాడు. గ్రీజు పెట్టి, నట్లు బిగించి, బ్రేకులు సరిచేశాక దుకాణం మూశాడు. వారం మధ్యలో ఆయన పగలు షట్టరు దించడం నేనెప్పుడూ చూడలేదు.

"పా తమ్మి, కోటగిరి దిక్కు పోయొద్దాం. నేను గూడ వస్త."

ఖాళీ లారీ. కాలువ గట్టు దాటాక రోడ్డు తిన్నగా, ఎదురు బండి లేకుండా ఉంది. యాభై, యాభై ఐదు, అరవై. క్యాబిన్‌లో ఒక్క చప్పుడు లేదు. కొత్త బండి కొన్న రోజు కూడా అంత నిమ్మళంగా నడవలేదు. నేను సంతోషం పట్టలేక ఏదో అనబోయాను. ఆయన ముందుకు వంగి, స్టీరింగు మీద తన కుడిచెయ్యి వేశాడు.

"కొంచెం నిమ్మళంగ పోనియ్యి. ఒక్కసారి చేతులు తియ్యి. నేను పట్టుకున్న."

వేగం తగ్గించి తీశాను. స్టీరింగు ఆయన చేతి కింద కదలకుండా ఉంది.

"ఇగ నువ్వు పట్టు."

పట్టాను. ఆయన చెయ్యి తీసేశాడు. స్టీరింగు సన్నగా, ఆగకుండా, వణికింది.

నేను బండి పక్కకు ఆపాను. ఇంజను కట్టేశాను. ఆ తర్వాత నా నోట్లోంచి వచ్చిన మాట తలచుకుంటే ఇప్పటికీ సిగ్గే.

"వెనక చక్రాలు కూడ చూడాలె అన్నా. అండ్ల ఏదో ఉన్నది."

"చూస్త తమ్మి," అన్నాడు. గొంతులో వెటకారం లేదు. "నువ్వు చూడమన్నన్ని చక్రాలు చూస్త. నువ్వు ఒప్పుకునేదాక చూస్త."

అప్పుడు ఏడ్చాను. మా నాన్న పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు. మా నాన్న గురించి, ఉప్పు గురించి, ఆటో గురించి అన్నీ చెప్పాను. ఆయన తన భుజం మీది తువాలు నాకిచ్చాడు. గ్రీజు వాసన, డీజిల్ వాసన.

"నీకు ఎప్పుడు తెలిసింది?" అని అడిగాను.

"గా మూత పెట్టరాని నాడే."

"మరి అప్పుడే చెప్పకపోతివి."

"చెప్తే నన్ను కొడుతుంటివి," అని నవ్వాడు. మళ్ళీ తనే అన్నాడు: "చక్రం గూడ ఊగుతుండె కదా తమ్మి. అది ఊగినన్ని దినాలు నువ్వు నీ చేతుల దిక్కు చూడవు. అందుకే చక్రం మంచిగ చేసిన, ఇగ నీకు దాసుకునే జాగ లేకుండ."

నా బతుకులో నాకోసం ఇంత ఓపిక పట్టినవాళ్ళు తక్కువ. నలుగురిలో తిట్టినవాడి బండి చక్రాన్ని గంటల తరబడి తిప్పి, సీసం ముక్క మీద ముక్క బిగించి, నా సాకును నా చేతిలోంచి మెల్లగా తీసుకున్నాడు. లాక్కోలేదు. తిరుగు ప్రయాణంలో లారీ ఆయనే తోలాడు.

మరునాడు మా ఆవిడను తీసుకుని నిజామాబాద్ దవాఖానకు వెళ్ళాను. డాక్టరు నన్ను చేతులు చాపమని, కాగితం మీద గీత గీయమని చెప్పి, మా నాన్న గురించి అడిగి, ఇది కుటుంబంలో వచ్చే వణుకే అన్నాడు. ప్రాణానికి భయం లేదన్నాడు. మాత్రలతో కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు, పెద్ద బండ్లు మాత్రం ఇక తోలవద్దన్నాడు. బయటికి వచ్చాక మా ఆవిడ బెంచీ మీద కూర్చుని, "ఇన్నాళ్ళూ ఒక్కరే మోశారా?" అంది. అంతే అడిగింది. అమ్మాయికి ఆవిడే ఫోన్ చేసి చెప్పింది. అది అవతల ఏడ్చి, తర్వాత పూసలు ఏమయ్యాయని అడిగింది. పాయసం కథ చెబితే, ఏడుస్తూనే నన్ను తిట్టింది. తిట్టడంలో అది నా కూతురే.

లారీ ఇప్పుడు మా బామ్మర్ది తోలుతున్నాడు. కల్లం నుంచి రాగానే చక్రాల లోపలి పక్క కడగాలన్నది నేను పెట్టిన షరతు. మొదట్లో నేను ఇంట్లోనే ఉండిపోయాను. లారీ చప్పుడు వీధి మలుపులో వినిపిస్తే లోపలి గదిలోకి వెళ్ళి పడుకునేవాణ్ణి. పది రోజులు చూశాడు బామ్మర్ది. పదకొండో రోజు ఇంటి ముందే లారీ ఆపి, దిగకుండా, ఎడమ పక్క తలుపు తెరిచి కూర్చున్నాడు.

"బావా, బోధన్ దాకా పోవాలె. దారి నాకు సక్కగ తెల్వది," అన్నాడు. వాడు పుట్టి పెరిగింది బోధన్‌లోనే.

ఎక్కాను. ముప్పై ఏళ్ళలో నా లారీలో ఆ సీటులో నేనెప్పుడూ కూర్చోలేదు. కాలువ పొడుగునా నాట్లు వేస్తున్నారు. ఆ పక్క పొలాలు ఎంత దూరం ఉన్నాయో ఆ రోజే చూశాను. రోడ్డు తప్ప వేరే చూసే తీరిక డ్రైవరుకు ఎక్కడిది? సగం దారిలో బండి ఆపి బామ్మర్ది రెండు చాయ్‌లు తెచ్చాడు. గ్లాసు అందుకున్నాను. నా చెయ్యి వణికి, చాయ్ తొణికి, వాడి ముందే నా పంచె మీద పడింది. చెయ్యి వెనక్కి తీసుకోలేదు. మిగిలింది తాగాను.